తీరం దాటే చోటు

కళ్లజోళ్ల షాపాయనకు తుఫానుల పిచ్చి. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. షాపులో కళ్లు పరీక్షించే అక్షరాల బోర్డు పక్కనే సముద్రం మ్యాపు ఒకటి అంటించుకున్నాడు. అద్దాలు అరగదీసే మిషను ముందు కూర్చున్నా ఒక చూపు ఫోను మీదే ఉండేది. సముద్రంలో ఎక్కడో అల్పపీడనం ఏర్పడిందని తెలిస్తే చాలు, కాలు ఒకచోట నిలిచేది కాదు. "ఇంటికి చుట్టాలొస్తున్నట్టే హడావిడి చేస్తారు" అని భార్య నవ్వేది. ఆవిడ కౌంటరు దగ్గర కూర్చుని ఓపిగ్గా ఫ్రేములు చూపించేది కాబట్టి షాపు నడిచేది.

నాలుగేళ్ల కిందట ఆయన ఫోనులో ఒక గ్రూపు మొదలుపెట్టాడు. పేరు 'మబ్బు కబుర్లు'. మొదట పదిమందే ఉండేవారు. తర్వాత లారీ డ్రైవర్లు, పడవల ఇంజన్లు బాగుచేసేవాళ్లు, పొలాలున్నవాళ్లు, పొద్దున లేవగానే డాబా మీద డబ్బా పెట్టి ఎంత వాన పడిందో కొలుచుకునేవాళ్లు, ఇలా ఒకరి వెంట ఒకరు చేరి మూడొందలు దాటారు. రెండేళ్ల కిందట ఒక తుఫాను లైట్‌హౌస్ దగ్గర తీరం దాటుతుందని ఆయన మూడు రోజుల ముందే చెప్పాడు. అది ఆ లైట్‌హౌస్‌కు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో దాటింది. అప్పట్నుంచి గ్రూపులో ఆయన మాటే మాట. "కళ్లజోళ్లాయన ఏమంటాడో చూద్దాం" అనేవారు.

ఆయన మాటకు ఎదురు చెప్పే మనిషి ఒక్కరే ఉండేవారు. రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ మొహం ఎవరూ చూడలేదు. తన ఫొటో పెట్టాల్సిన చోట గ్రాఫు కాగితం బొమ్మ పెట్టుకుంది. రాసేది రెండు ముక్కలే. ఆ రెండు ముక్కల్లో ఒకటి తప్పకుండా 'కావచ్చు' అయి ఉండేది. అది చూస్తే ఆయనకు ఒళ్లు మండేది.

"కావచ్చు, కాకపోవచ్చు అని చెప్పడానికి టీచరు దాకా ఎందుకు? అది మా ఇంటి పిల్లి కూడా చెబుతుంది" అన్నాడొకసారి భార్యతో.

"మనకు పిల్లి లేదు కదండీ."

"ఉంటే చెప్పేది."

ఆ ఏడు వానాకాలం చివర్లో ఒక తుఫాను పుట్టింది. ఆదివారానికి అది బాగా బలపడి తీరం వైపు కదలసాగింది. వాతావరణ ఆఫీసువాళ్లు తీరంలో రెండొందల కిలోమీటర్ల మేర, ఉత్తరాన ఆయన ఊరి నుంచి దక్షిణాన నది సముద్రంలో కలిసే చోటు దాటి ఇంకా కిందికి, ఎక్కడైనా దాటవచ్చని హెచ్చరిక ఇచ్చారు. మ్యాపు మీద వాళ్లు గీసిన దారి, మొదట్లో సన్నగా ఉండి పోనుపోను వెడల్పయింది.

"చీపురుతో గీసినట్టుంది" అని ఆయన గ్రూపులో రాశాడు. నవ్వు బొమ్మలు వందకు పైగా పడ్డాయి. ఆ హుషారులో ఎర్ర పెన్సిలు తీసుకుని మ్యాపు మీద తానొక గీత గీశాడు. సన్నటి గీత. అది నడి సముద్రంలో ఉత్తరానికి వంగి వచ్చి తన ఊరికి కాస్త పైనున్న కొండ దగ్గర ఆగింది. దాన్ని ఫొటో తీసి పెట్టాడు.

కారణం కూడా వివరంగా రాశాడు. నేల మీద ఒక పెద్ద అధిక పీడనం కూర్చుని ఉంది. అది గోడలాంటిది. తుఫానును కిందికి, దక్షిణానికి నెడుతుంది. కానీ పడమటి నుంచి గాలుల ద్రోణి ఒకటి వస్తోంది. బుధవారానికి అది ఆ గోడను బద్దలు కొడుతుంది. గోడ పోగానే తుఫాను ఉత్తరానికి తిరుగుతుంది.

లెక్కల టీచరు జవాబు రాసింది: "ద్రోణి ఆలస్యం కావచ్చు. అప్పుడు తిరగకుండా నేరుగా వస్తుంది. నదీముఖం వాళ్లు ధీమాగా ఉండకూడదని నా అభిప్రాయం."

"మూడు కంప్యూటర్ మోడళ్లు ఉత్తరమే అంటున్నాయి, మేడమ్."

"రెండు కాదంటున్నాయి."

"ఆ రెండూ పోయినసారీ తప్పాయి."

"అవునండీ. అంతకు ముందుసారి మీ మూడూ తప్పాయి."

సోమవారమంతా ఈ వాదనే. గ్రూపు రెండుగా చీలింది కానీ సమంగా చీలలేదు. టీచరు వైపు గట్టిగా ఉన్నది ఒక లారీ డ్రైవరు, వాన కొలిచే ఇద్దరు ముసలాళ్లు. మిగతావాళ్లంతా కళ్లజోళ్లాయన వైపే.

మంగళవారం సాయంత్రం ఆయనకు విడిగా ఒక మెసేజీ వచ్చింది. పంపినావిడ నదీముఖం దగ్గర ఒక వృద్ధుల ఆశ్రమం చూసుకుంటుంది. గ్రూపులో ఎప్పుడూ నోరు మెదిపింది లేదు. "అన్నయ్యా, మా దగ్గర పద్దెనిమిది మంది పెద్దవాళ్లున్నారు. నలుగురు మంచం మీదే. కదిలిస్తే చాలా అవస్థ పడతారు. మమ్మల్ని ఖాళీ చేయమంటారా, వద్దా? మీరెలా చెబితే అలా" అని రాసింది.

ఆయన అప్పుడు ఒక ముసలాయన కళ్లజోడుకు ముక్కు మీద ఆనే చిన్న దిమ్మెలు మారుస్తున్నాడు. చదవగానే, తన మాట కోసమే ఆగారని, మనసుకు హాయిగా అనిపించింది. అది దాచుకోవాల్సిన విషయమని తర్వాత ఆయనకే తెలిసింది. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "కదలక్కర్లేదమ్మా. అది మీ వైపు రాదు. కొంచెం వాన పడుతుంది, అంతే. నిశ్చింతగా ఉండండి" అని టైపు కొట్టి పంపాడు. ఆవిడ చేతులు జోడించిన బొమ్మ పంపింది. ఆయన మళ్లీ దిమ్మెల పనిలో పడ్డాడు.

గురువారం తెల్లవారగానే ఉపగ్రహం తీసిన కొత్త బొమ్మ చూశాడు. మంచం మీదే కూర్చుని మూడుసార్లు చూశాడు. పడమటి ద్రోణి పైకి జారిపోయింది. గోడ చెక్కు చెదరలేదు. తుఫాను రాత్రంతా ఒక్క డిగ్రీ కూడా ఉత్తరానికి తిరగలేదు. తన గీతకు చాలా కింద, నదీముఖానికి ఎదురుగా ఉంది. ఇంకో పన్నెండు గంటల్లో తీరానికి వస్తుంది.

గ్రూపులో అప్పటికే అడుగుతున్నారు. "బాబాయ్, ఇంకా తిరగలేదేంటి?" "మధ్యాహ్నానికి తిరుగుతుందా?"

ఆయన ఏమీ రాయలేదు. మొహం కడుక్కున్నాడు. టీ తాగాడు. షాపుకెళ్లి షట్టరు ఎత్తాడు. సగం ఎత్తేసరికి గాలికి చినుకులు లోపలికి కొట్టాయి. కౌంటరు అద్దం తుడిచాడు. తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. భార్య చూస్తూనే ఉంది.

తొమ్మిది కాకముందే ఒక పెద్దావిడ తడిసిన గొడుగుతో లోపలికి వచ్చింది. పొట్టిగా, సన్నగా ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన నోటుబుక్కు ఉంది.

"కూర్చోండి. జోడు చూపించాలా?" అంది భార్య.

"లేదమ్మా. ఆయనతో మాట్లాడాలి." ఆయన వైపు తిరిగింది. "నేను లెక్కల టీచర్నండీ. గ్రూపులో ఉంటాను."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. తన ఊళ్లోనే ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

"పొద్దున బొమ్మ చూశారా?" అంది టీచరు.

"చూశాను."

"మరి ఏమీ రాయలేదే?"

ఆయన తుడిచిన బట్టను మడత పెట్టాడు. "మీరు రాయొచ్చు కదా."

"రాశాను. పదిమంది వచ్చి మీరు చెప్పేదాకా ఆగమన్నారు." ఆవిడ కుర్చీలో కూర్చుంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "గెలుపూ ఓటమీ మాట్లాడ్డానికి రాలేదండీ నేను. మీ గీత చూసి ఎవరైనా ఏదైనా నిర్ణయం తీసుకుని ఉంటే, దాన్ని మార్చుకోవడానికి వాళ్లకు ఇవాళ మధ్యాహ్నం దాకానే టైముంది. అది చెబుదామని వచ్చాను."

 ఆయన మంగళవారం వచ్చిన మెసేజీ తీసి ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చదివి భార్యకిచ్చింది. భార్య చదివి ఆయన మొహం వంక చూసింది.

"ఫోన్ చెయ్యండి" అంది.

చేశాడు. మొదటిసారి మోగింది, ఎవరూ ఎత్తలేదు. రెండోసారి మోగలేదు. మూడోసారీ అంతే. దక్షిణాన తెల్లవారుజాము నుంచే కరెంటు లేదని గ్రూపులో ఎవరో రాశారు.

"రెండు గంటల దారి" అన్నాడు ఆయన, ఎవరితోనో తెలియకుండా.

"కదలక్కర్లేదనే మాట చెప్పింది మీరే కదా. కదలమనే మాట కూడా మీరే వెళ్లి చెప్పండి" అంది భార్య. కారు తాళాలు తీసి కౌంటరు మీద పెట్టింది. "షాపు నేను చూసుకుంటాను. ఇవాళ ఎవరొస్తారు గనక."

బయల్దేరే ముందు ఆయన గ్రూపులో ఇలా రాశాడు: "నేను పొరబడ్డాను. తుఫాను ఉత్తరానికి తిరగదు. దక్షిణాన ఉన్నవాళ్లు వాతావరణ ఆఫీసు చెప్పినట్టు చేయండి. నా గీత నమ్మి ఎవరైనా ఆగిపోయి ఉంటే దయచేసి ఇప్పుడే కదలండి." రాయడానికి రెండు నిమిషాలు పట్టలేదు.  కారెక్కేలోపే జవాబులు పడటం మొదలైంది. ఎవరో, "కళ్ల డాక్టరుకే కళ్లజోడు కావాలి" అని రాశారు. ఆయన ఫోను పక్క సీట్లో ఎక్కిన టీచరుకిచ్చి బండి తీశాడు.

దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. వాన ఒక్కసారిగా ముంచెత్తి, మళ్లీ పది నిమిషాలు తెరిపి ఇచ్చి, మళ్లీ కొడుతోంది. టీచరు అద్దం మీద ఆవిరి తుడుస్తూ కూర్చుంది. సగం దారిలో ఒకసారి, "మీరెందుకు మొదలుపెట్టారు ఈ తుఫానుల లెక్కలు?" అని అడిగాడు ఆయన.

"రిటైరయ్యాక తోచలేదు. దిద్దడానికి పేపర్లు లేవు" అంది ఆవిడ.

ఆశ్రమం ఒక పాత ఒంటి అంతస్తు ఇల్లు. నదికీ రోడ్డుకూ మధ్య పల్లంలో ఉంది. వీళ్లు వెళ్లేసరికి ఇన్‌చార్జి వరండాలో చేరిన నీళ్లు చీపురుతో బయటికి తోస్తోంది. ముప్పై ఐదేళ్లుంటాయి. ఆయన పేరు చెప్పుకోగానే ఆవిడ మొహం విప్పారింది.

"మీరా అన్నయ్యా! ఈ వానలో మా కోసం వచ్చారా? లోపలికి రండి."

ఆయన గడప దగ్గరే నిలబడి చెప్పాడు. తను చెప్పింది తప్పని, తుఫాను ఇటే వస్తోందని, సాయంత్రంలోగా అందరినీ ఎత్తుగా ఉన్న చోటికి చేర్చాలని. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతిలో చీపురు అలాగే ఉంది.

"నిన్న సాయంత్రం మండలాఫీసు వాళ్లు బస్సు తెచ్చారు" అంది చివరికి. "మీ మెసేజీ చూపించి వెనక్కి పంపేశాను."

"మళ్లీ వస్తామన్నారా?" అన్నాడు ఆయన.

"గంటసేపు బతిమాలారు వాళ్లు. నేనే వద్దన్నాను. మీరు నిశ్చింతగా ఉండమన్నారు కదా." గొంతు పెంచలేదు ఆవిడ. చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయింది.

మండలాఫీసుకు ఫోను కలవలేదు. కలిసినా బస్సులన్నీ ఇంకా కింది ఊళ్లకు వెళ్లి ఉంటాయని ఆశ్రమం వంటావిడ చెప్పింది. ఆయన కారులో నలుగురు పడతారు, అదీ కూర్చోగలిగిన నలుగురు. టీచరు వరండా చివరికి వెళ్లి, సిగ్నలు కోసం ఫోను పైకెత్తి పట్టుకుని, ఇటూ అటూ తిరిగి ఎవరితోనో అరిచినట్టు మాట్లాడింది. తిరిగొచ్చి, "పదకొండు కిలోమీటర్ల దూరంలో మెట్ట మీద స్కూలుంది. అక్కడి హెడ్మాస్టరు నా దగ్గర చదువుకున్నాడు. స్కూలు వ్యాను తెస్తున్నాడు" అంది.

"వస్తాడంటారా, ఈ వానలో?" అంది ఇన్‌చార్జి.

"వస్తాడు. తొమ్మిదో తరగతి లెక్కల్లో ముప్పై ఆరు మార్కులొచ్చాయి వాడికి. అందులో నాలుగు నేను దయతలిచి వేసినవి. ఇంకా మర్చిపోలేదు."

వ్యాను పన్నెండింటికి వచ్చింది. హెడ్మాస్టరే నడుపుకుంటూ వచ్చాడు. టీచర్ని చూడగానే, బట్టతల మీద నీళ్లు కారుతున్నా సరే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సీట్లు రెండు వరసలు పీకి పరుపులు పరిచారు. మంచం మీదున్న నలుగురినీ దుప్పట్లతో సహా ఎత్తి ముందు వాళ్లను తీసుకెళ్లారు. ఆ ఎత్తడంలో ఆయన ఒకవైపు, హెడ్మాస్టరు ఇంకోవైపు. మనిషి బరువు ఎంతుంటుందో, నొప్పితో మూలిగే మనిషిని గుమ్మం తగలకుండా తిప్పడమెంత కష్టమో ఆయనకు ఆ రోజు తెలిసింది. ఆ నలుగురిలో చిన్న పిట్టలాంటి మామ్మ ఒకావిడ వాన చినుకు మొహం మీద పడగానే ఉలిక్కిపడి ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది. వ్యానులో పడుకోబెట్టాక కూడా వదల్లేదు. ఆ ట్రిప్పంతా ఆయన ఆవిడ పక్కనే వంగి కూర్చున్నాడు.

రెండో ట్రిప్పుకు మరో ఎనిమిది మంది ఎక్కారు. మూడోసారి వచ్చేసరికి గాలి తలుపుల్ని బాదుతోంది. మిగిలిన ఆరుగురిలో ఐదుగురు సంచులతో సిద్ధంగా ఉన్నారు. ఆరో ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. మంచం మీద గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"నేను రాను."

"పెద్దాయనా, లేవండి. టైము లేదు" అంది ఇన్‌చార్జి.

"నిన్న కదలక్కర్లేదన్నారు. ఇవాళ కదలమంటున్నారు. రేపు మళ్లీ ఏమంటారు?" కళ్లజోళ్లాయన వైపు వేలు చూపించాడు. "ఆ మాట చెప్పింది ఇతనేనా?"

"నేనే" అన్నాడు కళ్లజోళ్లాయన.

"సరే, చెప్పు. ఇక్కడికే వస్తుందా? కచ్చితంగా వస్తుందా?"

వస్తుందని చెబితే పెద్దాయన లేచేవాడేమో. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కళ్లజోళ్లాయన ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"కచ్చితంగా తెలియదండీ. ఇక్కడికి రావచ్చు. యాభై కిలోమీటర్లు అటో ఇటో పోవచ్చు. మొన్న నాకు తెలిసినట్టు చెప్పాను. తెలియదు. తెలియదు కాబట్టే రమ్మంటున్నాను."

 "ఈ ముక్క మొన్ననే ఏడవాల్సింది" అని, పెద్దాయన దిండు చంకలో పెట్టుకుని లేచాడు.

చీకటి పడే వేళకు తుఫాను తీరం దాటింది. నదీముఖం దగ్గర కాదు. దానికి నలభై కిలోమీటర్ల కింద దాటింది. ఆయన గీత ఎక్కడికో పోయింది, టీచరు అనుమానం కూడా సరిగ్గా నిజం కాలేదు. వాతావరణ ఆఫీసువాళ్ల చీపురు గీతలోనే ఎక్కడో పడింది. స్కూల్లో కిటికీలకు బల్లలు అడ్డం పెట్టి, బెంచీలు జతచేసి అందరినీ పడుకోబెట్టారు. గాలి రెండు మూడు గంటలు గట్టిగా అరిచి తగ్గింది.

మర్నాడు వెళ్లి చూస్తే ఆశ్రమం నిలబడే ఉంది. వంటగది మీది రేకులు లేచిపోయాయి. నది పొంగి మోకాళ్లు దాటి నీళ్లు లోపలికొచ్చి వెళ్లాయి. గోడల మీద బురద గీత మంచాల పట్టీలకు జానెడు పైన ఉంది. ఇన్‌చార్జి ఆ గీతను చూసింది, నలుగురు పడుకునే మంచాల వైపు చూసింది. చీపురు అందుకుంది.

కానీ అంతా మంచే జరిగిందనడానికీ లేదు. వానలో తడిసిన ఆ చిన్న మామ్మకు జలుబు చేసి, అది ఛాతీలోకి దిగి, మూడో రోజుకు ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రిలో చేర్చారు. ఆ కబురు తెలిసిన రోజు ఆయన షాపు తెరవలేదు.

"బుధవారం బస్సులో వెళ్లుంటే తడిసేది కాదు కదా. ఎండగా ఉంది ఆ రోజు" అన్నాడు భార్యతో.

"అవును" అంది ఆవిడ. కాదని ఊరడించలేదు. పక్కన కూర్చుంది. "రేపు వెళ్లి చూసొద్దాం. నేనూ వస్తాను."

వెళ్లారు. వెళ్తూనే ఉన్నారు, రోజు విడిచి రోజు. రెండో వారంలో టీచరు కూడా వాళ్ల కారులోనే వచ్చింది. దారిలో ఆవిడా ఆయనా ద్రోణి ఎందుకు జారిపోయిందో మళ్లీ వాదించుకున్నారు. భార్య వెనక సీట్లో నిద్రపోయింది.

ఆసుపత్రి వరండాలో ఒకరోజు ఇన్‌చార్జి ఎదురైంది. ఆయన ఎన్నాళ్లుగానో కూడగట్టుకున్న మాట చెప్పబోయాడు.

"వద్దన్నయ్యా" అందావిడ. "మీరు క్షమించమంటే నేను ఫరవాలేదనాలి. నాకు ఇంకా ఫరవాలేదని లేదు. ఇకనుంచి నేను ఆఫీసువాళ్ల మాటే వింటాను, మిమ్మల్ని అడగను."

"అదే మంచిదమ్మా."

"రేకులు వేసేవాళ్లు శనివారం వస్తున్నారు. మనుషులు తక్కువున్నారు. మీకు వీలుంటే రండి."

శనివారం ఆయన షాపు మూసి వెళ్లాడు. పొద్దంతా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

మామ్మను ఆసుపత్రి నుంచి పంపించిన రోజు తీసుకురావడానికి ఆయనే వెళ్లాడు.  ముందు సీటు వెనక్కి వాల్చి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాడు. నర్సు పక్కన నిలబడి బెల్టు సరిచేసింది. బండి కదిలాక ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. పడిపోయిన చెట్లను కోసి దుంగలు రోడ్డు పక్కన పేర్చారు. కరెంటు స్తంభాలు కొత్తవి పాతుతున్నారు.

"నాయనా, సముద్రం ఇటేనా?" అంది ఉన్నట్టుండి.

"అటు పోవాలి మామ్మా. మలుపు తిరగాలి."

"పదేళ్లయింది చూసి. ఆశ్రమంలో చప్పుడు వినబడుతుంది కానీ కనబడదు."

ఆయన టైము చూసుకున్నాడు. డాక్టరు గాలి తగలనివ్వద్దన్నాడు. మలుపు తిప్పి, ఇసుక మొదలయ్యే చోట కారాపాడు. అద్దాలు దించలేదు. సముద్రం ఇంకా బురద రంగులోనే ఉంది. అలలు చిన్నగా వస్తున్నాయి. దూరంగా నలుగురు మనుషులు ఒక పడవను నీళ్లలోకి తోస్తున్నారు, తోసినప్పుడల్లా అది మళ్లీ వెనక్కి వస్తోంది.

మామ్మ అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది.

"పోతుందంటావా ఆ పడవ?" అంది.

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆ పడవ వంకే చూశాడు. "చూద్దాం మామ్మా" అన్నాడు.

నాలుగోసారి తోసినప్పుడు అది నీళ్ల మీద తేలింది. ఆయన బండి వెనక్కి తీసి ఆశ్రమం దారి పట్టాడు.